పాత కారు స్పీకర్లు, యాంప్లిఫయర్‌తో కంప్యూటర్‌కి సౌండ్ సిస్టమ్ కట్టుకోవడం ఎలా

కారులో కొత్తగా టచ్‌స్క్రీన్ స్టీరియో పెట్టించగానే పాత సెట్టు అటకెక్కుతుంది. కారు అమ్మేటప్పుడూ అంతే. వేలు పోసి బిగించుకున్న స్పీకర్లకీ యాంప్‌కీ కొనేవాళ్లు ఒక్క రూపాయి ఎక్కువ కట్టరు. అందుకే విప్పి ఇంటికి తెచ్చుకుంటాం, తర్వాత వాటి సంగతే మర్చిపోతాం. కొత్తగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవాళ్లు మాత్రం వాటిని ఒకసారి కిందికి దించి చూడాలి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ వేలకు వేలు పెట్టి, చివర్లో చిన్న ప్లాస్టిక్ స్పీకర్లతో సరిపెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అటక మీది డోర్ స్పీకర్లను సరైన డబ్బాలో కూర్చోబెడితే ఆ ప్లాస్టిక్ జత వాటి దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇక్కడ మనం కట్టబోయే సెట్టులో 6.5 అంగుళాల డోర్ స్పీకర్లు రెండు, రెండు చానళ్ల కారు యాంప్లిఫయర్ ఒకటి ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేస్తే యాంప్ దానంతటదే ఆన్ అవుతుంది, ఆపేస్తే ఆగిపోతుంది. యాంప్‌తో వచ్చిన బాస్ నాబ్ క్యాబినెట్ ముందువైపు చేతికి అందేలా ఉంటుంది. సబ్‌వూఫర్ ఉంటే దాన్ని చివర్లో కలుపుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ పనిలో ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది కరెంటు దగ్గర, గ్రౌండ్ (మైనస్ వైరు) దగ్గర. యాంప్‌ని కంప్యూటర్ పవర్ సప్లై మీద నడపకండి. దానికి విడిగా 12 వోల్టుల సప్లై ఇవ్వండి. కంప్యూటర్ గ్రౌండూ యాంప్ గ్రౌండూ ఆడియో కేబుల్ దగ్గర తప్ప మరెక్కడా కలవకుండా చూసుకోండి. ఈ రెండూ పాటిస్తే మిగతాది ఓపికగా చేసుకునే పనే.

ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి

స్పీకర్లు, యాంప్, బాస్ నాబ్, ఆర్‌సీఏ కేబుళ్లు (యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే వైర్లు), ఫ్యూజ్ హోల్డర్, 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), కాంపోనెంట్ స్పీకర్లయితే (పై స్వరాల స్పీకర్ విడిగా ఉండే రకం) వాటి క్రాసోవర్ డబ్బాలు (పై స్వరాలను, కింది స్వరాలను విడదీసేవి), ఇవన్నీ దాచుకోండి. కారు యాంప్‌తో పాటు కొందరు పెట్టించుకునే పెద్ద 1 ఫారడ్ కెపాసిటర్ ఈ పనికి వద్దు. ఖాళీగా ఉన్న ఆ కెపాసిటర్ ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా అంత కరెంటు లాగుతుంది కాబట్టి చిన్న పవర్ సప్లై అది చూసి షార్ట్ అనుకుని ఆగిపోతుంది. కారు బ్యాటరీని ఇంట్లో పెట్టి దానికి చార్జర్ తగిలించి నడిపే ఆలోచన కూడా మానుకోండి. చార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది గాలాడని గదిలో ఉంచాల్సిన వస్తువు కాదు.

స్టీరియో హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులో ఉండే స్టీరియో పెట్టె) విషయానికొస్తే, దాన్ని కంప్యూటర్ క్యాబినెట్‌లో సీడీ డ్రైవ్ ఉండే చోట దూర్చాలని చాలామందికి ఉంటుంది. అది పట్టదు. సింగిల్ డిన్ స్టీరియో వెడల్పు సుమారు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. 5.25 అంగుళాల డ్రైవ్ బే వెడల్పు 146 మిల్లీమీటర్లే, ఎత్తు 41 దాకా. క్యాబినెట్ ముందు భాగాన్ని కోసి మరీ పెట్టుకోవచ్చు కానీ, పెట్టాక మీకు దక్కేది ఒక వాల్యూమ్ నాబ్, ఎఫ్‌ఎమ్ రేడియో. దాని యూఎస్‌బీ సాకెట్ పెన్‌డ్రైవ్‌నే చదువుతుంది, కంప్యూటర్ నుంచి వచ్చే పాటను తీసుకోదు. నా దృష్టిలో అంత శ్రమకు తగ్గ ఫలితం లేదు.

అయినా ఆ పాత లైట్ల వెలుగు మీద ఇష్టం ఉంటే, బయట కొని బిగించిన రకాన్నే వాడండి. కంపెనీ నుంచి కారుతో పాటు వచ్చినవాటిలో కొన్ని, బ్యాటరీ తీసేస్తే సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి. కొత్త కార్లవి చాలావరకు కారు కంప్యూటర్ నుంచి సిగ్నల్ వస్తే తప్ప ఆన్ కావు. బయట రకాలకు వైర్ల రంగులు దాదాపు ఒకేలా ఉంటాయి: పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు, నలుపు గ్రౌండ్, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్‌ని నిద్రలేపే వైరు. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు నాలుగు స్పీకర్లవి. పసుపు, ఎరుపు రెండూ కలిపి 12 వోల్టులకు ఇవ్వొచ్చు. పసుపుకు కరెంటు పోయిన ప్రతిసారీ స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతాయి, అంతే. స్పీకర్ మైనస్ వైర్లను మాత్రం గ్రౌండ్‌కి కలపకండి. హెడ్ యూనిట్ లోపలి యాంప్ బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేస్తుంది, ప్లస్సూ మైనస్సూ రెండిట్లోనూ సిగ్నల్ ఉంటుంది. మైనస్‌ని గ్రౌండ్‌కి తగిలిస్తే లోపలి ఐసీ పోతుంది.

సామాను మీ దగ్గర లేకపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట విప్పిన కార్ల స్పీకర్లు వెతకొచ్చు. రిలేలు, ఫ్యూజులు, కనెక్టర్లు, చిన్న బోర్డులకు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

స్పీకర్లు బతికే ఉన్నాయా?

మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి స్పీకర్ రెండు కొనలకు తాకించండి. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్స్‌వి, మీటర్‌లో 3.2 నుంచి 3.8 మధ్య కనిపిస్తే బాగున్నట్టే. ఏమీ చూపించకపోతే లోపలి తీగచుట్ట (కాయిల్) తెగిపోయింది. సున్నాకి దగ్గరగా ఉంటే కాయిల్ కాలి షార్ట్ అయ్యింది, దాన్ని యాంప్‌కి తగిలించకండి.

తర్వాత కోన్ మీద నాలుగు వేళ్లూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమని రాపిడి వినిపిస్తే వాయిస్ కాయిల్ పక్కకు జరిగి అయస్కాంతానికి రాసుకుంటోంది. కోన్ చుట్టూ ఉండే అంచును వేలితో తడిమి చూడండి. రబ్బరు అంచులు మన ఎండలకు కూడా చాలా ఏళ్లు నిలుస్తాయి. ఫోమ్ అంచులు మాత్రం ఎండలో పార్క్ చేసిన కారులో ఉండి ఉండి పొడిపొడిగా రాలిపోతాయి. అంచు రాలిన స్పీకర్‌ని పట్టుకొచ్చి బాగుచేయించడంకన్నా ఇంకో జత వెతుక్కోవడం మేలు.

ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోయాయా? మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకుని ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సెల్ ప్లస్ తాకిన కొన స్పీకర్ ప్లస్. రెండు స్పీకర్లకూ ఇలా చూసి పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఒకటి తిరగేసి కలిపితే బాస్ మాయమైపోతుంది, పాట పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలబడకుండా గది అంతా చెదిరిపోయినట్టు ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ మాత్రం వాడకండి, చిన్న స్పీకర్లకు అది ఎక్కువ.

కాంపోనెంట్ సెట్‌లోని ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) విడిగా దొరికితే దానికి కెపాసిటర్ లేకుండా ఎప్పుడూ యాంప్ ఇవ్వకండి, మొదటి పాటకే కాలిపోతుంది. 4 ఓమ్స్ ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసలో వేస్తే దాదాపు 8,500 హెర్ట్జ్ పైనుంచి, 10 మైక్రోఫారడ్ వేస్తే 4,000 పైనుంచి పలుకుతుంది. క్రాసోవర్ డబ్బా మీ దగ్గర ఉంటే ఇదేమీ అక్కర్లేదు, అది తన జత స్పీకర్లకే లెక్క కట్టి ఉంటుంది. వేరే ఓమ్స్ స్పీకర్లకు మాత్రం దాన్ని వాడొద్దు, లెక్క మారిపోతుంది.

యాంప్‌కి ఎంత కరెంటు కావాలి

అట్టపెట్టె మీద రాసిన వాట్లను పక్కన పెట్టండి. హెడ్ యూనిట్ మీద "4×50 వాట్లు" అని ఉంటుంది. 14.4 వోల్టుల మీద, 4 ఓమ్స్ స్పీకర్‌లోకి బ్రిడ్జ్ యాంప్ శబ్దం చెదరకుండా పంపగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు. 12 వోల్టుల మీద అయితే 18. విడి యాంప్ లోపల 12 వోల్టులను పెంచుకునే సర్క్యూట్ ఉంటుంది కాబట్టి దానికి ఈ హద్దు లేదు. దాని అసలు శక్తి తెలుసుకోవాలంటే దానికున్న ఫ్యూజ్ చూడండి. ఫ్యూజ్ రంగే చెప్పేస్తుంది: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, తెల్లగా పారదర్శకంగా ఉన్నది 25, ఆకుపచ్చ 30.

చానల్‌కి నిజంగా 50 వాట్లిచ్చే రెండు చానళ్ల యాంప్ అనుకుందాం. మొత్తం 100 వాట్లు. ఏబీ క్లాస్ అనే రకం యాంప్‌లో లోపలికి వెళ్లిన కరెంటులో 60 శాతం దాకా స్పీకర్లకు వెళ్తుంది, మిగతాది వేడి. అంటే పూర్తి జోరులో 167 వాట్లు, 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు. టేబుల్ దగ్గర అంత జోరు ఎప్పుడూ రాదు. మామూలు కారు స్పీకర్ 1 వాట్‌కి, 1 మీటరు దూరంలో 90 డెసిబెల్స్ దాకా ఇస్తుంది, అదే చెవులకు గట్టి శబ్దం. మీరు కూర్చునేది మీటరులోపే. రోజువారీ వినడానికి ఒకట్రెండు వాట్లు చాలు, డ్రమ్ దెబ్బలకు కాసింత మిగులు ఉండాలి.

అందుకే ఎల్‌ఈడీ బోర్డులకు, సీసీ కెమెరాలకు వాడే జాలీ డబ్బా లాంటి 12 వోల్టుల, 20 ఆంపియర్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (230 వోల్టులను 12 చేసే పవర్ సప్లై) ఇలాంటి యాంప్‌కి హాయిగా సరిపోతుంది. రెండు 30 ఆంపియర్ల ఫ్యూజులున్న పెద్ద మోనో యాంప్ ఉంటే దాన్ని ఈ పనికి తేవద్దు. దాన్ని మోయగలిగే సప్లై కొనే డబ్బుతో కొత్త స్పీకర్లే వస్తాయి.

మరి 550 వాట్ల కంప్యూటర్ పవర్ సప్లైలోనే 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లకు పైగా ఉన్నాయి కదా, అందులోంచి తీసుకుంటే ఏం? ఆంపియర్లకు కొదవ లేదు, నిజమే. కానీ గ్రాఫిక్స్ కార్డు క్షణక్షణానికి కరెంటు ఎక్కువ తక్కువగా లాగుతూ ఉంటుంది, ఆ కుదుపులు అదే 12 వోల్టుల లైన్‌లోకి వచ్చి స్పీకర్లో సన్నగా కీచుమంటాయి. మౌస్ కదిపితే చాలు వినిపిస్తుంది. యాంప్ ఆన్ అయిన క్షణంలో దాని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటానికి లాగే కరెంటుకు పవర్ సప్లై రక్షణ పని చేసి, మీరు సేవ్ చేయని ఫైలుతో సహా కంప్యూటర్ ఆగిపోవచ్చు. పైగా హార్డ్ డిస్కుల కోసం ఇచ్చిన నాలుగు పిన్నుల కనెక్టర్ వైరు అంత సన్నగా ఉంటే, అందులోంచి యాంప్‌కి కరెంటు తీయడం మంటలతో చెలగాటం.

ఎస్‌ఎమ్‌పీఎస్ బిగించేటప్పుడు 230 వోల్టుల వైపు జాగ్రత్త పడండి. ఎల్, ఎన్, ఎర్త్ అని మూడు స్క్రూలు దాదాపు బయటికే ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్ వాడండి, ఎర్త్ తప్పకుండా కలపండి, స్క్రూల మీద మూత ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే మొత్తం సప్లైని గాలి ఆడే చెక్క పెట్టెలో పెట్టి టేబుల్ కింద గోడకు బిగించండి. చాలావాటికి చిన్న ఫ్యాన్ ఉంటుంది, దూరంగా ఉంటే దాని హోరు కూడా తగ్గుతుంది. 230 వోల్టుల పని చేతికి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, పది నిమిషాల పని.

యాంప్ తగిలించకముందే ఒక పరీక్ష: ప్లగ్ తీసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, 12 వోల్టుల మైనస్‌కీ సప్లై ఇనుప బాడీకీ మధ్య చూడండి. బీప్ రాకూడదు. వస్తే మైనస్ ఎర్త్‌కి కలిసి ఉందన్నమాట, తర్వాత గుయ్‌మనే శబ్దానికి అదే కారణం అవుతుంది. వేరే సప్లై తీసుకోండి.

సప్లై నుంచి యాంప్‌కి ఇంటి వైరింగ్‌లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు, మీటరు, మీటరున్నర దూరమే కదా. ప్లస్ వైరులో సప్లై దగ్గరే 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్ పెట్టండి. కారు నుంచి విప్పిన ఫ్యూజ్ హోల్డర్ ఇక్కడ పనికొస్తుంది.

కంప్యూటర్‌తో పాటే ఆన్ అయ్యేలా

కారు యాంప్‌కి మూడు కరెంటు స్క్రూలు ఉంటాయి: 12 వోల్టులు, గ్రౌండ్, రిమోట్. రిమోట్‌కి 12 వోల్టులు తాకితేనే యాంప్ లేస్తుంది. ఇది మనకు వరం లాంటిది. కంప్యూటర్‌లోని పసుపు వైరును నేరుగా రిమోట్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ వైరు పనిచేయాలంటే రెండు సప్లైల మైనస్‌లూ కలవాలి, మనం వద్దనుకున్నదే అది. అందుకే కారు హారన్‌కి, హెడ్‌లైట్లకు వాడే 12 వోల్టుల రిలే మధ్యలో పెడతాం. రిలేలో కాయిల్ వైపూ స్విచ్ వైపూ ఒకదానికొకటి తగలవు.

ఏ కంపెనీ రిలే అయినా కాళ్ల దగ్గర 30, 85, 86, 87 అనే అంకెలు ఉంటాయి. కంప్యూటర్ నాలుగు పిన్నుల కనెక్టర్‌లోని పసుపు వైరు 86కి, పక్కనే ఉన్న నలుపు 85కి ఇవ్వండి. ఎరుపు వైరు 5 వోల్టులది, దాన్ని వదిలేసి కొనకు టేపు చుట్టండి. ఎస్‌ఎమ్‌పీఎస్ ప్లస్ నుంచి 1 ఆంపియర్ ఫ్యూజ్ ద్వారా సన్న వైరు 30కి, 87 నుంచి యాంప్ రిమోట్‌కి. రిలే కాయిల్ తీసుకునేది ఆంపియర్‌లో ఆరేడో వంతు, కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. 86, 85 మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ వేయండి, గీత ఉన్న కొన 86 వైపు ఉండాలి. రిలే ఆగినప్పుడు కాయిల్ నుంచి తిరిగి వచ్చే వోల్టేజ్ పోటును అది మింగేస్తుంది. కొన్ని రిలేల్లో డయోడ్ లోపలే ఉంటుంది, బాడీ మీది బొమ్మలో కనిపిస్తుంది.

కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు సౌండ్ చిప్ నుంచి వచ్చే "టప్" శబ్దం స్పీకర్లో వినిపిస్తుంటే, మామూలు రిలే బదులు 12 వోల్టుల డిలే రిలే బోర్డు పెట్టి ఐదారు సెకన్లు ఆలస్యం ఇవ్వండి. ఆపేటప్పుడు ఇబ్బంది ఉండదు. కంప్యూటర్ కరెంటు పోగానే రిలే వదిలేస్తుంది, యాంప్ ముందే నోరు మూసుకుంటుంది.

యూపీఎస్ వాడేవాళ్లు కంప్యూటర్‌నే దాని మీద ఉంచండి. యాంప్ సప్లైని మామూలు ప్లగ్ పాయింట్‌కి పెట్టండి. కరెంటు పోయినప్పుడు పాట ఆగుతుంది, పని ఆగదు.

గుయ్‌మనే శబ్దం, కీచు శబ్దం

ఇప్పుడు మదర్‌బోర్డు వెనుక ఆకుపచ్చ సాకెట్ నుంచి, 3.5 మిల్లీమీటర్ల జాక్ ఒకవైపు, రెండు ఆర్‌సీఏలు రెండోవైపు ఉన్న కేబుల్‌తో యాంప్‌కి కలపండి. ముందువైపు హెడ్‌ఫోన్ సాకెట్ వాడకండి, దాని వైరు క్యాబినెట్ అంతా తిరిగి వస్తూ లోపలి గోలంతా మోసుకొస్తుంది. పాట పెట్టకుండా, వాల్యూమ్ పెంచి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి.

సన్నటి "స్" తప్ప ఇంకేమీ లేకపోతే మీ గ్రౌండింగ్ సరిగ్గా కుదిరింది. గుయ్‌మని 50 హెర్ట్జ్ మోత వస్తే గ్రౌండ్ ఎక్కడో రెండో చోట కలిసింది. ఎక్కువ సందర్భాల్లో దోషి యాంప్ బాడీయే. కొన్ని యాంప్‌లలో బాడీ లోపల గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది, దాన్ని క్యాబినెట్ ఇనుముకు నేరుగా బిగిస్తే రెండో దారి తయారవుతుంది. రబ్బరు వాషర్లు, నైలాన్ స్క్రూలు వాడండి. బాస్ నాబ్ ఇనుప బాడీ క్యాబినెట్‌కి తగలడం కూడా ఇలాంటిదే.

మౌస్ కదిపినప్పుడు, గేమ్ ఆడేటప్పుడు కీచుమంటే అది మదర్‌బోర్డు సౌండ్ చిప్‌లోకే వస్తున్న గోల. చవకలో దొరికే యూఎస్‌బీ డాక్ (డీఏసీ, కంప్యూటర్ బయట సౌండ్ చిప్ పని చేసే చిన్న పెట్టె) పెట్టి చూడండి, చాలావరకు పోతుంది. మదర్‌బోర్డు వెనుక ఎర్రటి వెలుగు వచ్చే ఆప్టికల్ సాకెట్ ఉంటే ఇంకా మంచిది. అందులో వెళ్లేది వెలుతురే కాబట్టి కంప్యూటర్ గ్రౌండ్ యాంప్ దాకా రానే రాదు. అవతల ఆప్టికల్ డాక్‌ని విడి అడాప్టర్ మీద నడపాలి. కార్ షాపుల్లో అమ్మే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కూడా మోతను ఆపుతుంది, కానీ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వల్ల చవక రకాల్లో లోతైన బాస్ పలచబడుతుంది. దాన్ని చివరి మార్గంగా ఉంచుకోండి.

డబ్బా

శబ్దం బాగుందా లేదా అన్నది సగానికి పైగా ఇక్కడే తేలుతుంది. డోర్ స్పీకర్ తలుపు లోపలి పెద్ద ఖాళీని దృష్టిలో పెట్టుకుని తయారైంది. విప్పిన స్పీకర్‌ని టేబుల్ మీద అలా పెట్టి వాయిస్తే కోన్ ముందు నుంచి వచ్చే గాలి, వెనుక నుంచి వచ్చే గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుని బాస్ ఉండదు. మరీ చిన్న డబ్బాలో బిగిస్తే గొంతు నొక్కినట్టు, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. 6.5 అంగుళాల స్పీకర్‌కి పూర్తిగా మూసేసిన 10 లీటర్ల డబ్బా మంచి మధ్యేమార్గం. 6×9 ఓవల్ స్పీకర్లకు 15 నుంచి 20 లీటర్లు కావాలి, అవి టేబుల్ మీదకన్నా నేల మీద స్టాండుపై బాగుంటాయి.

18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొడిని నొక్కి చేసిన పలక) తీసుకోండి, ప్లైవుడ్ అయినా సరే. ఒక్కో డబ్బాకు 23.6×33.6 సెంటీమీటర్ల ముక్కలు రెండు ముందు వెనుకలకు, 33.6×18 ముక్కలు రెండు పక్కలకు, 20×18 ముక్కలు రెండు పైనా కిందా. ప్లైవుడ్ షాపులోనే కొలతలు రాసిస్తే మెషిన్ మీద నిటారుగా కోసిస్తారు, ఇంట్లో చేతి రంపంతో ఆ నిటారుతనం రాదు. బిగించాక లోపల 20×30×18, అంటే 10.8 లీటర్లు. స్పీకర్ అయస్కాంతం కొంత తినేస్తే మనకు కావలసినంత మిగులుతుంది.

ముందు ముక్కకు రంధ్రం కొట్టే కొలత స్పీకర్ వెనుక భాగాన్ని కొలిచి తీసుకోండి, అంచు మీది అలంకారపు రింగును కొలిస్తే రంధ్రం పెద్దదైపోతుంది. రంధ్రం సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పైకి పెట్టండి, కూర్చున్నప్పుడు చెవికి దగ్గరగా ఉంటుంది. ముక్కల్ని ఫెవికాల్, స్క్రూలతో కలిపి ఒక రాత్రి వదిలేయండి. మూలలన్నిటికీ లోపలి నుంచి సిలికాన్ పట్టించండి, దాని ఘాటు వాసన పూర్తిగా పోయాకే స్పీకర్ బిగించండి. స్పీకర్ అంచు కింద తలుపులకు అతికించే ఫోమ్ టేపు వేయండి. ఎక్కడ గాలి కారినా బాస్ గట్టిగా కొట్టినప్పుడు ఉస్సుమని వినిపిస్తుంది. లోపల దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వదులుగా నింపండి, కుక్కకండి. పైన మైకా అతికించినా, రెక్సిన్ చుట్టినా మీ ఇష్టం.

డబ్బాలను కంప్యూటర్ క్యాబినెట్‌లో కలిపేసి ఒకే పెట్టెగా చేసినవాళ్లున్నారు. చూడ్డానికి బాగుంటుంది, వినడానికి కాదు. రెండు స్పీకర్లు మీటరు ఎడంగా ఉంటేనే స్టీరియో తెలుస్తుంది.

క్యాబినెట్‌లో యాంప్, ముందువైపు నాబ్

పవర్ సప్లై పక్కన కింది అరలో హార్డ్ డిస్క్ కేజ్ తీసేస్తే చిన్న యాంప్ పట్టవచ్చు. ముందు కొలవండి. యాంప్‌కి పక్కల, పైనా రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, ఏబీ క్లాస్ యాంప్ ఊరికే ఉన్నా గోరువెచ్చగా ఉంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో గ్రాఫిక్స్ కార్డు కింద దాన్ని ఇరికించడం మాత్రం సరికాదు, అలాంటప్పుడు టేబుల్ అడుగున తలకిందులుగా కాకుండా పక్క పలకకు నిలువుగా బిగించండి. 230 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్‌ని ఏ పరిస్థితుల్లోనూ క్యాబినెట్ లోపల పెట్టకండి.

బాస్ నాబ్‌కి చాలావరకు టెలిఫోన్ వైరు లాంటి కేబులే ఉంటుంది. 5.25 అంగుళాల బేకి ఉండే ప్లాస్టిక్ మూత తీసి, మధ్యలో నాబ్ కాడ పట్టేంత రంధ్రం చేసి, వెనుక నుంచి నట్ బిగించండి. మూత ప్లాస్టిక్ కాబట్టి గ్రౌండ్ గొడవ ఉండదు. బేలు లేని కొత్త క్యాబినెట్ అయితే టేబుల్ అంచుకు కింది నుంచి బిగించుకోండి.

యాంప్ చచ్చిపోయి ఉంటే దాని అల్యూమినియం షెల్ పారేయకండి. లోపలి బోర్డు తీసేసి టీపీఏ3116 చిప్ ఉన్న చిన్న డీ క్లాస్ బోర్డును అందులో బిగించండి, పాత స్పీకర్ స్క్రూలనే వాడుకోండి. అది 26 వోల్టుల దాకా తీసుకుంటుంది, 19 వోల్టుల పాత ల్యాప్‌టాప్ చార్జర్‌తో 4 ఓమ్స్ స్పీకర్లను దర్జాగా నడుపుతుంది, వేడి కూడా తక్కువ. ఇది కూడా బ్రిడ్జ్ రకమే, స్పీకర్ మైనస్‌లు కలపకూడదు. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ చార్జర్లలో చాలావాటికి మైనస్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, ఇందాక చెప్పిన బీప్ పరీక్ష దీనికీ చేయండి. ఈ బోర్డుకు రిమోట్ స్క్రూ ఉండదు కాబట్టి రిలే స్విచ్ వైపు నుంచి చార్జర్ ప్లస్ వైరునే పంపాలి.

గెయిన్ పెట్టడం

గెయిన్ నాబ్‌ని (లోపలికి వచ్చే సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో చెప్పేది) వాల్యూమ్ నాబ్ అనుకుని చివరి దాకా తిప్పేయడం వల్లే ఎక్కువ స్పీకర్లు పోతాయి. స్పీకర్ వైర్లు విప్పేయండి. యాంప్ మీది ఫిల్టర్ స్విచ్‌ని ఫుల్ దగ్గర, బాస్ బూస్ట్‌ని సున్నా దగ్గర పెట్టండి. విండోస్ వాల్యూమ్ 80 దగ్గర ఉంచి 200 హెర్ట్జ్ టోన్ వాయించండి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకర్ స్క్రూల మధ్య చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. వాట్లను ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టులు వస్తాయి. 25 వాట్లకు, 4 ఓమ్స్‌కి 10 వోల్టులు. పాత డోర్ స్పీకర్లకు అంతకన్నా పైకి వెళ్లకండి.

ఇప్పుడు స్పీకర్లు కలిపి, ఫిల్టర్‌ని హై పాస్‌లోకి (కింది స్వరాలను ఆపేది) మార్చి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. అంతకన్నా లోతైన బాస్ ఈ సైజు కోన్‌కి భారమే. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డోర్ స్పీకర్లు కారులో కాళ్ల దగ్గర నుంచి పలకడానికి తయారైనవి కాబట్టి ఎదురుగా పెట్టుకుంటే కొన్నిటి పై స్వరాలు చురుక్కుమంటాయి. 5,000 హెర్ట్జ్ చుట్టూ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి వినండి.

సబ్‌వూఫర్ ఉంటే

అండర్ సీట్ రకం ఉంటే మీ అదృష్టం. యాంప్ లోపలే ఉంటుంది, పలచగా ఉంటుంది, టేబుల్ కింద కాళ్లకు అడ్డం రాదు. దాని రిమోట్ వైరునూ అదే రిలే 87కి కలపండి. కరెంటు మాత్రం దాని ఫ్యూజ్ చూసి, సప్లైలో మిగులుంటేనే అదే సప్లై నుంచి ఇవ్వండి. విడి 12 అంగుళాల సబ్‌కి మూసిన డబ్బా అయితే 30 లీటర్లకు అటూ ఇటూ కావాలి. రెండు వాయిస్ కాయిళ్లున్న 4 ఓమ్స్ సబ్‌ని వరుసగా కలిపితే 8 ఓమ్స్, పక్కపక్కన కలిపితే 2 ఓమ్స్. బ్రిడ్జ్ చేసిన (రెండు చానళ్లనీ కలిపి ఒకటిగా వాడే) రెండు చానళ్ల యాంప్‌లు సాధారణంగా 4 ఓమ్స్‌కన్నా కిందికి భరించలేవు, కాబట్టి వరుసగానే కలపండి. లో పాస్ (పై స్వరాలను ఆపేది) కూడా 80 దగ్గరే మొదలుపెట్టి చెవితో సర్దుకోండి.

సబ్‌ని కంప్యూటర్ ఉన్న టేబుల్ మీద పెట్టకండి. స్పీకర్ అయస్కాంతం వల్ల హార్డ్ డిస్క్ చెరిగిపోతుందని భయపడతారు కానీ, ఆ మాటకొస్తే అదురు దానికన్నా పెద్ద శత్రువు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్ బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరుస ముందు గట్టిగా అరిచి, ఆ అరుపుకే డిస్కుల వేగం ఎలా పడిపోతుందో గ్రాఫ్ మీద వీడియోలో చూపించాడు. ఒక మనిషి గొంతుకే అలా అయితే 12 అంగుళాల సబ్ సంగతి చెప్పక్కర్లేదు. విండోస్, గేమ్స్ ఎస్‌ఎస్‌డీలో ఉంచండి, దానికి కదిలే భాగాలు లేవు. ఫోటోలు, సినిమాల కోసం తిరిగే డిస్క్ తప్పదనుకుంటే దాని నాలుగు స్క్రూల కిందా రబ్బరు వాషర్లు వేసి, సబ్‌ని గదిలో కంప్యూటర్‌కి అవతలి మూల నేల మీద పెట్టండి.